అల్మారా తలుపు

"మాటిచ్చావా లేదా? ఇంట్లో ఉన్నంతసేపూ ఆ పుస్తకం ముట్టుకోనని నా ముందు మాటిచ్చావా లేదా?"

ఆడపడుచు గొంతుకి పొయ్యి మీది పాలు కూడా పొంగడం మానేసినట్టయింది.

వంటగది బల్ల మీద, ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునే చంటిబిడ్డ తూకాల పుస్తకం తెరిచి ఉంది. కోడలి చూపుడువేలు వరుసల వెంట ఒక్కొక్క మెట్టే కిందికి దిగుతోంది. డ్యూటీకి వెళ్ళాల్సిన మనిషి, ఒక కాలికే బూటు ఉంది. రెండోది గుమ్మం దగ్గర బోర్లా పడి ఉంది.

"నిన్నే అడుగుతున్నది, నర్సుగారూ!"

'వదిన' పోయి 'నర్సుగారు' వచ్చి మూడున్నర నెలలైంది. సరిగ్గా పిచ్చుక వయసంత. పుట్టిన ఘడియలోనే బిడ్డ పెదవుల రంగు చూసి, తల్లి ఒళ్ళో పెట్టకుండానే ఎత్తుకుని ఆసుపత్రి పై అంతస్తులోని గుండె వార్డుకి పరిగెత్తింది ఈ వదినే. రెండు గదులు చేయాల్సిన పనిని ఆ చిటికెడు గుండెలో ఒక్క గదే చేస్తోంది. ఆ పరుగు వల్లే బిడ్డ దక్కిందని డాక్టరమ్మ పదిసార్లు చెప్పింది. ఆడపడుచు పదిసార్లూ తల ఊపింది. కానీ ఆ పూట ఖాళీగా మిగిలిన ఒడి ఎవరు చెప్పినా వినే రకం కాదు.

"ఇందాక దీన్ని తువ్వాల్లో చుట్టి ఎత్తుకున్నాను," అంది కోడలు చివరికి. "నిన్నటి తూకం నాలుగు కిలోల ఏడువందల ఇరవై అని అత్తయ్య ఫోన్లో చెబుతుంటే విన్నాను. నా చేతికి అంత తగల్లేదు."

"చేతికి తగల్లేదా? నీ చేతులేమైనా త్రాసులా?"

"పన్నెండేళ్ళుగా ఇలాంటి పిల్లల్నే ఎత్తుతున్నాను. చేతులకి తెలిసిపోతుంది. పైగా పాలు తాగుతుంటే దీని నుదుటి మీద చెమట పట్టింది చూశావా? ఇంత చల్లటి పొద్దున!"

ఆడపడుచు భుజం మీది బిడ్డను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. పిచ్చుక కళ్ళు సగం తెరిచి, ఈ గొడవతో తనకేం సంబంధం లేదన్నట్టు మళ్ళీ మూసుకుంది.

మూలన పీట మీద కూర్చున్న అత్త మాత్రం నోరు విప్పలేదు. నోరు విప్పకపోవడం ఆమెకి అలవాటు లేని పని.

ఆ పుస్తకం సంగతి ఆ ఇంట్లో గోడలకి కూడా తెలుసు. పిచ్చుకకి మొదటి ఆపరేషన్ వారం రోజులప్పుడు జరిగింది. రెండోది అయిదో నెలలో జరగాలి. ఈ మధ్యకాలమే గండం. అందుకే ఇంటికి పంపేటప్పుడు ఒక త్రాసు, కాలివేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు, ఒక పుస్తకం ఇస్తారు. రోజూ పొద్దున్నే తూకం, ఆక్సిజన్ అంకె, తాగిన పాలు రాయాలి. తొమ్మిదింటికి వార్డు నుంచి నర్సు ఫోను వస్తుంది. మూడు రోజులు వరసగా బరువు పెరగకపోతే వెంటనే బయల్దేరి రావాలి. కోడలి ఉద్యోగం అదే. పదముగ్గురు పిల్లలకి రోజూ ఫోను చేస్తుంది. సొంతవాళ్ళ బిడ్డను చూడకూడదన్నది వార్డు నియమం కనుక పిచ్చుక ఫోను మాత్రం చిన్న సిస్టర్ చేస్తుంది. 'ఇంట్లో నాకు వదిన కావాలి, నర్సు వద్దు' అని ఆడపడుచు పట్టుబట్టింది. కోడలు సరేనంది. ఆ తర్వాత ఇంట్లో వదినా లేదు, నర్సూ లేదు, ఇద్దరి మధ్యా ఒక మౌనం తిరుగుతూ ఉండేది.

పుస్తకం రాసే పని అత్తది. అంకెలే రాని మనిషి. పిచ్చుక వార్డులో ఉన్న నెల రోజుల్లో, పాత క్యాలెండరు వెనకవైపు, కోడలి పక్కన కూర్చుని నేర్చుకుంది. "తొమ్మిదికి తోక ఎటమ్మాయ్? పైకా కిందకా? ఈ అంకెలకి తోకలు పెట్టినవాడి చెయ్యి విరగ!" అని తిట్టుకుంటూనే నేర్చుకుంది. ఎనిమిదిని సున్నా మీద సున్నా పెట్టి దొంతరలా కట్టేది. తన రాత నెమ్మది కనుక, పొద్దున్నే బిడ్డను చలిలో ఉంచడమెందుకని, మర్నాటి తేదీ ముందు సాయంత్రమే వేసి పక్కన ఖాళీ వదిలేది.

కోడలి వేలు ఒకచోట ఆగింది.

"అత్తయ్యా, ఇక్కడి దాకా అంకెలు వంకరగా ఉన్నాయి. ఒక చేత్తో బిడ్డను పట్టుకుని నిలబడి రాస్తే అలాగే వస్తాయి. కింది తొమ్మిది వరుసలూ చక్కగా ఉన్నాయి. ఇవి కూర్చుని రాశారా?"

అత్త కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"రోజుకి సరిగ్గా ఇరవై గ్రాములు. ఒక రోజు పదిహేను లేదు, ఒక రోజు ముప్ఫై లేదు. పిల్లల బరువు నిచ్చెన ఎక్కినట్టు ఎక్కదత్తయ్యా."

"మా అమ్మ మీద నిందలు వేస్తున్నావా ఇప్పుడు?" అంది ఆడపడుచు. ఆ గొంతులో ఇందాకటి పదును లేదు.

"నింద కాదే," అంది అత్త నేల చూపులు చూస్తూ. "నిజమే."

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

"మొదటి రోజు తూకం పది గ్రాములు తగ్గింది. పైకి చదివాను. నువ్వు ఆ రోజంతా మెతుకు ముట్టలేదు. సాయంత్రానికి నీ దగ్గర పాలు సగమైపోయాయి. తల్లి ఎండిపోతే పిల్ల ఎక్కడ బతుకుతుంది? మర్నాడు ఇరవై ఎక్కువేసి చదివాను. నువ్వు అన్నం తిన్నావు. ఫోన్లో ఆ చిన్న సిస్టరు, 'భేష్ అమ్మమ్మగారూ, ఎంత బాగా చూసుకుంటున్నారు!' అంది." అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఈ వయసొచ్చిందాకా ఒక అంకె రాశానని నన్ను భేష్ అన్నవాళ్ళు లేరే. వాళ్ళు మనకి అంత చేశారు. అలాంటివాళ్ళ ముందు తక్కువ అంకె పెట్టడానికి చెయ్యి రాలేదు. రేపు పెరుగుతుంది, సరిపోతుంది అనుకున్నాను. ఆ రేపు రానేలేదు."

"అమ్మా!"

ఆ ఒక్క కేకకి పిచ్చుక ఉలిక్కిపడి ఏడుపందుకుంది. బలం లేని ఏడుపు. పిల్లి కూన గొంతు.

"నువ్వేం చేశావో తెలుసా నీకు? దీనికేమైనా అయితే... దీనికేమైనా..." ఆడపడుచుకి వాక్యం పూర్తి చేసే ధైర్యం చాలలేదు.

కోడలు రెండో బూటు సంగతి మర్చిపోయి త్రాసు బల్ల మీదికి తెచ్చింది. బిడ్డను అడగలేదు, చేతులు చాచి నిలబడింది. ఆడపడుచు ఒక క్షణం ఆలోచించి, బిడ్డను తనే త్రాసులో పడుకోబెట్టి, అలవాటుగా మొహం గోడవైపు తిప్పేసుకుంది.

నాలుగు కిలోల నాలుగువందల డెబ్బై.

పుస్తకానికీ త్రాసుకీ మధ్య పావుకిలో తేడా. ఆక్సిజన్ అంకె డెబ్బై ఆరు. ఇలాంటి గుండె ఉన్న పిల్లలకి డెబ్బై అయిదు దాటి కిందికి పోకూడదు. గీతకి వెంట్రుక వాసి పైన వేలాడుతోంది.

కోడలు వార్డుకి ఫోను చేసింది. అవతల చిన్న సిస్టర్ విని, "అక్కా, వెంటనే తీసుకొచ్చెయ్యండి," అని, మళ్ళీ ఆగి, "డాక్టరమ్మ అడుగుతున్నారు. ఈ తగ్గడం రెండు మూడు రోజుల్లో పడిందా, మెల్లమెల్లగా జారుతూ వచ్చిందా? దాన్ని బట్టే ముందు దేనికి వెతకాలో తెలుస్తుందట. పుస్తకంలో ఉంటుంది కదా అక్కా?"

కోడలు బల్ల మీది పుస్తకం వైపు చూసింది. పుస్తకంలో తొమ్మిది రోజుల అబద్ధం ఉంది. నిజం ఎక్కడుంది?

"అత్తయ్యా, ఏ రోజు ఎంత వచ్చిందో ఏమైనా గుర్తుందా? సుమారుగా అయినా?"

అత్త లేచింది. పప్పుల అల్మారా దగ్గరికి వెళ్ళి, తలుపు బార్లా తెరిచింది.

తలుపు లోపలి వైపు, ఆకుపచ్చ రంగు మీద, పిన్నీసుతో గీసిన సన్నటి గీతలు. అయిదేసి గీతలకొక కట్ట. కట్టలన్నీ పది నిలువు వరుసల్లో నిలబడి ఉన్నాయి.

"ఇదేమిటమ్మా?" అంది ఆడపడుచు.

"అంకెలు రాకముందు నేను అన్నీ ఇలాగే గుర్తుపెట్టుకునేదాన్ని. నాలుగు కిలోలు ఎలాగూ ఉంది కనుక దాన్ని వదిలేశాను. పైన ప్రతి పది గ్రాములకీ ఒక గీత." అత్త కొంగుతో తలుపు అంచు తుడిచింది. "పుస్తకంలో అబద్ధం పెట్టాను. నిజం ఎక్కడా లేకుండా పోతే ఈ పిల్లే లేకుండా పోతుందేమోనని భయమేసింది. అందుకని ఇక్కడ దాచాను."

కోడలు లెక్కపెట్టింది. పుస్తకంలో అబద్ధం మొదలుకాకముందు రోజు యాభై నాలుగు. తర్వాత యాభై మూడు, యాభై మూడు, యాభై రెండు... చివరి వరుసలో నలభై ఎనిమిది.

ఆమె కళ్ళు చెమర్చాయి. పెళ్ళయిన కొత్తలో, ఏడాదిపాటు పిల్లల గుండె వైద్యంలో శిక్షణకి వెళ్ళాలంటే, చంటివాడిని ఎవరు చూస్తారని అందరూ తలలు పట్టుకున్నారు. "వాడికి నానమ్మ లేదా? నువ్వెళ్ళు" అని పెట్టె సర్దింది ఈ మనిషే. ఈ రోజు తన చేతులకి ఉన్న తెలివంతా ఆ మాట పెట్టిన భిక్ష.

అప్పుడే బస్సు డిపోలో రాత్రి షిఫ్టు ముగించుకుని కోడలి భర్త గుమ్మంలో అడుగుపెట్టాడు. చేతికి గ్రీజు, చంకలో పనిముట్ల సంచి. విషయం నాలుగు ముక్కల్లో విన్నాడు. సెల్‌ఫోనుతో తలుపుని ఫోటో తీశాడు. రంగు మీద వెలుగు మెరిసిందే తప్ప గీత ఒక్కటీ పడలేదు. ఇటు తిప్పి తీశాడు, అటు తిప్పి తీశాడు.

"ఎన్ని గీతలో కాగితం మీద రాసుకోవచ్చు కదండీ," అంది కోడలు.

"ఇప్పటికే ఒక కాగితం నమ్మి ఇంత దూరం వచ్చాం. డాక్టరమ్మ తన కళ్ళతోనే చూడనీ." సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశాడు. "రెండు బందులు. బస్సు ఇంజను దింపేవాడికి ఇదెంత?"

పప్పుడబ్బాలు సిగ్గుపడినట్టు బయటపడ్డాయి. తలుపు ఊడి అతని చంకలోకి వచ్చింది.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలాదారు అడ్డం పడ్డాడు.

"తలుపు లోపలికెందుకండీ?"

"డాక్టరమ్మకి చూపించాలి."

"ఏం, దీనికీ గుండె జబ్బేనా?"

"జబ్బు మా మేనకోడలికి. ఇది రిపోర్టు."

కాపలాదారు తలుపునీ, గ్రీజు చేతుల్నీ, వెనకాల వస్తున్న ముగ్గురు ఆడవాళ్ళనీ చూశాడు. వాళ్ళలో ఒకామె రోజూ తనని పలకరించే సిస్టరు. ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు. గేటు తెరిచి, తలుపుకి రెండో వైపు తనే పట్టుకున్నాడు.

డాక్టరమ్మ తలుపుని కిటికీ వెలుతురుకి ఆనించి, కళ్ళద్దాలు పైకి తోసి, వేలితో వరుసలు తడుముతూ చూసింది.

"ఎవరు గీశారివి?"

అత్త ముందుకొచ్చింది. బోనులో నిలబడ్డ మనిషిలా చేతులు కట్టుకుంది. "నేనేనమ్మా. ఆ అబద్ధాలు రాసిందీ నేనే. నన్నేమన్నా అనండి, పిల్లని మాత్రం..."

"ఒక్కసారిగా పడి ఉంటే జలుబో జ్వరమో అనుకునేదాన్ని," అంది డాక్టరమ్మ, ఆమెకి కాక తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "రోజుకింత జారిందంటే తాగిన పాలన్నీ గుండె పరుగుకే సరిపోతున్నాయి. మొదటి ఆపరేషన్లో వేసిన గొట్టం ఇరుకైందేమో. ముందు అదే చూద్దాం." అప్పుడు తలెత్తింది. "పెద్దమ్మా, మీరు చేసిన తప్పు చిన్నది కాదు. కానీ ఈ తలుపు లేకపోతే నేను వెతికే చోటు తెలుసుకోవడానికే ఒక రోజు పోయేది. ఆ రోజు మన దగ్గర ఉందో లేదో నాకు తెలీదు."

అత్త చేతులెత్తి దణ్ణం పెట్టింది.

స్కాన్ గది బయట బెంచీ మీద చిన్న సిస్టర్ ముక్కు ఎర్రగా చేసుకుని కూర్చుంది.

"నేనే అక్కా. రోజూ భేష్ భేష్ అన్నాను. ఎక్కువ చెబితేనే మెచ్చుకుంటాననిపించింది ఆవిడకి."

"మనందరం అదే చేస్తున్నాం," అంది కోడలు. ఆమె మనసులో తన పదముగ్గురు పిల్లల ఇళ్ళు మెదిలాయి. 'బాగుంది సిస్టర్, మీ దయ సిస్టర్' అనే పదముగ్గురు తల్లుల గొంతులు. ఆ కృతజ్ఞతకి రోజూ పొంగిపోయేది. దాని చాటున ఏ అంకె దాక్కుందో ఎప్పుడూ అడగలేదు. "ఇప్పుడే నా పిల్లలందరికీ మళ్ళీ ఫోను చెయ్యి. తక్కువ వచ్చిందని ఎవరు చెప్పినా, ముందు భేష్ వాళ్ళకే."

బెంచీ రెండో కొసన తల్లీకూతుళ్ళు. మధ్యలో ఇద్దరు కూర్చునేంత ఎడం. ఆడపడుచే ముందు అడిగింది.

"ఎప్పుడు గీసేదానివి?"

"నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు."

"రోజూ అన్ని గీతలా?"

"ఆఁ."

"నాకెందుకు చెప్పలేదే అమ్మా?"

"తూకం వేళకి నువ్వు మొహం గోడకి తిప్పేసుకుంటావు కదే. ఆ మొహానికి ఏం చెప్పను?"

కాసేపటికి ఆ ఎడం ఒకరు కూర్చునేంత తగ్గింది.

స్కాన్ గది తలుపు తెరుచుకుంది. గొట్టం నిజంగానే ఇరుకైంది. రెండో ఆపరేషన్‌కి ఇక నెలన్నర ఆగే పని లేదు, రేపు పొద్దున మొదటి వంతు పిచ్చుకదే అన్నారు. వార్డు పెద్ద సిస్టర్ కాగితాల కట్టతో వచ్చి కోడలి ముందు నిలబడింది.

"నీకు రేపు సెలవు రాసేశాను."

"నేను అడగలేదు కదమ్మా?"

"డ్యూటీలో ఉంటే సొంతవాళ్ళ పిల్ల దగ్గరికి రానివ్వను. సెలవులో ఉన్నవాళ్ళు నా వార్డులో నర్సులు కారు, పిల్లకి అత్తలు. అత్తలకి ఏ నియమమూ లేదు. ముందు ఆ కాలికి బూటు వెతుక్కో."

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆ నవ్వు ఇంకా ఆరకముందే పెద్ద సిస్టర్ జేబులో ఫోను మోగింది. విని, "సరే" అని పెట్టేసింది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"రేపటి దాకా ఆగరట. మధ్యాహ్నం వంతు పిల్లాడికి జ్వరం తగిలి ఆపేశారు. గది సిద్ధంగా ఉంది. స్కాన్ కోసమని వచ్చినప్పటి నుంచీ మన పిల్లకి పాలు పట్టలేదు కనుక, ఇప్పుడే పంపమంటున్నారు. తూకం వెయ్యండి, మత్తుమందు లెక్కకి కావాలి."

వార్డు త్రాసు మీద పిచ్చుకని పడుకోబెట్టారు. అందరూ ఆడపడుచు వైపు చూశారు, గోడవైపు తిరుగుతుందని.

తిరగలేదు. వంగి, కళ్ళు తుడుచుకుని, అంకె మీదే చూపు నిలిపింది.

"నాలుగు కిలోల నాలుగువందల డెబ్బై," అని తనే పైకి చదివింది. "పుస్తకం ఎవరి దగ్గరుంది? అమ్మా, నువ్వే రాయి."

"నేనా?" అత్త రెండడుగులు వెనక్కి వేసింది. "ఇక ఆ పెన్ను ముట్టుకోనే. ఒట్టు."

"రాయమ్మా. నిలబడి రాయి."

అత్త నిన్న సాయంత్రం వేసి పెట్టిన తేదీ పక్కన, నిలబడే రాసింది. నాలుగులు ఒరిగాయి, ఏడు కూలబడింది. అంత వంకర అంకెని కోడలు ఆ పుస్తకంలో చూడలేదు. అంత అందమైన దాన్నీ చూడలేదు.

తోపుడు మంచం వచ్చింది. ఆకుపచ్చ బట్టల మనిషి బిడ్డ కోసం చేతులు చాచాడు. ఆడపడుచు పిచ్చుకని ఒళ్ళోకి తీసుకుని కూర్చుండిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. కోడలు చేతులు వెనక్కి కట్టుకుంది. ఈసారి ఆ చేతులు తమంతట తాము ముందుకు రాకూడదు.

కాసేపటికి ఆడపడుచు లేచింది. మంచం మీద పడుకోబెట్టలేదు, ఆ మనిషి చేతికీ ఇవ్వలేదు.

"తలుపు దాకా నేనే ఎత్తుకొస్తాను," అంది. తర్వాత, మూడున్నర నెలలుగా నోట్లో బిగిసిపోయి ఉన్న మాట బయటికొచ్చింది. "వదినా, నువ్వు ముందు నడు. దారి నీకు తెలుసు."

కోడలు ముందు నడిచింది. ఒక బూటు, ఒక చెప్పు చప్పుడు చేస్తూ. మొదటిసారి అరనిమిషంలో పరిగెత్తిన వరండా అది. ఈసారి తల్లి అడుగు ఎంత పడితే అంతే నడిచింది. చివర గది తలుపులు తెరుచుకున్నాయి. బిడ్డ చేతులు మారింది. తలుపులు మూసుకున్నాయి. పైన ఎర్ర దీపం వెలిగింది.

వెనక బెంచీ దగ్గర, ఊడదీసిన తలుపు పక్కన కూర్చుని, అత్త పుస్తకం మళ్ళీ తెరిచింది. సాయంత్రం కావడానికి ఇంకా చాలా పొద్దుంది. అయినా కింది వరుసలో రేపటి తేదీ వేసింది. తొమ్మిదికి తోక ఎటో ఎవరినీ అడగలేదు.

దాని పక్కన ఖాళీ వదిలి, పెన్నుకి మూత పెట్టకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.